ముంగిటికి నోచని తంగేడు

2014వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తంగేటిపూవును రాష్ట్రపుష్పముగ ప్రకటించెను. నాడు హర్షింపనివారు లేరు. నేడు నగరములలో క్రొత్తగ లేచుచున్న గృహముల ముంగిళ్లను, పురపాలకోద్యానములను పరికింపుడు. తంగేటిపొద యెన్నిచోట్ల కానవచ్చును? పచ్చికతివాసికి దినదినమును నీరు కలదు. రాష్ట్రపుష్పమునకు బెత్తెడు చోటు లేదు. బతుకమ్మ దినములు రాగానే మాత్రము అందఱికిని అది జ్ఞప్తికి వచ్చును. సంతలో బేరమాడి కట్టలు కొందురు. ఆ పూవు పూచెడి బంజరులలోను, గుట్టల వాలులలోను హద్దురాళ్లు పాతి ఇండ్లస్థలములుగ అమ్ముచున్నారను సంగతి యెవరికిని పట్టదు.

అడవిమొక్క యని, మోటుపొద యని నాగరకులు ముక్కు చిట్లింతురు. అడవిమొక్క యగుటయే దాని యోగ్యత. మొరపనేలలోను, ఎఱ్ఱచెల్కలోను, వేసవి యెండకు వెఱవక నిలుచును. పశువులు సాధారణముగ దాని జోలికి పోవు. పసుపు సీతాకోకచిలుకలలో కొన్ని దాని యాకులపై గ్రుడ్లు పెట్టును; తుమ్మెదలు పుప్పొడికై మూగును. దక్షిణదేశపు తోళ్ల పరిశ్రమ చిరకాలము దీని పట్టతోనే తోళ్లను పదునుచేసినది. దక్షిణాఫ్రికానుండి తుమ్మజాతి పట్ట దిగుమతియైన పిమ్మట గదా దీని గిరాకి తగ్గినది! వింత యేమన, ఇంటిముందు ఈ పొదను సహింపనివారే యెండబెట్టిన దీని పూవులను పొట్లములలో కొని తేనీరు కాచుకొనుచున్నారు.

కాగితపుపూల తీగెయు నీటియెద్దడికి ఓర్చును గదా యందురేని, ఒప్పుకొందుము. దానిపై మాకు ద్వేషము లేదు. కాని కోనోకార్పసు మాట యేమి? త్వరగ పచ్చనగునను ఒక్క కారణమున సముద్రము దాటివచ్చిన ఆ మొక్కను రోడ్లనడుమ వరుసలు వరుసలుగ నాటిరి. 2023లో గుజరాతు ప్రభుత్వము దాని పెంపకమును నిషేధించెను. ఆ వరుసలలో తంగేడు వేయుటకు అడ్డమేమో మన పురపాలకులు సెలవియ్యవలయును. నర్సరీలలో దొరకుట అరుదందురు. నిజమే, అడుగువారు లేరు గనుక.

విత్తనమునకు పెద్ద వ్యయము లేదు. ఎండిన కాయలను కోసికొనిన చాలును. గింజ పెంకు గట్టిది గావున వేడినీట నొకరాత్రి నానబెట్టి, తొలకరిలో, పొద యుండవలసిన చోటనే విత్తవలయును. తల్లివేరు లోతుకు దిగును; ఎదిగినదానిని పెఱికి నాటిన బ్రతుకుట కష్టము. మొదటి యేడు కొలదిగ నీరు చూపి, పూత ముగిసిన పిమ్మట కొమ్మలు కత్తిరించిన గుబురుగ పెరుగును. నీరు నిలుచు పల్లమున పెట్టరాదు. పచ్చికతోపాటు దీనికిని దినమును నీరు పెట్టినచో వేరు కుళ్లును.

పురపాలక సంఘములు తమ కార్యాలయ ప్రాంగణములలోనైన ఈ పని ప్రారంభింపవలయును. రానున్న తొలకరికి ఎవరెవరు ఎన్ని పాదులు వేసిరో మేము విచారింతుము.