నర్సు పోస్టులో కెమెరానా?

మానసిక చికిత్స వార్డులో నర్సు పోస్టు ఖాళీగా ఉంచి గోడకు కెమెరా బిగిస్తే అది ఆధునికీకరణ అనిపించుకోదు. రోగి మంచం మీద ఉన్నాడో లేడో కెమెరా చెబుతుంది. ఇచ్చిన మాత్ర నాలుక కింద దాచి బాత్‌రూంలో ఉమ్మేస్తున్నాడని, నిన్నటిదాకా కుమిలిపోయినవాడు ఉన్నట్టుండి తేటపడి తన దుప్పటి, చెప్పులు పక్కవాళ్లకు పంచిపెడుతున్నాడని కనిపెట్టేది సిస్టరే. ఆ రెండోది ఆత్మహత్య ఆలోచనకు సంకేతం కావచ్చు కాబట్టి, అది చూసిన క్షణం నుంచి ఆమె అతన్ని ఒంటరిగా వదలదు.

బ్రిటన్ అనుభవం మన ముందుంది. అక్కడి వార్డుల్లో పెట్టిన ఆక్సివిజన్ అనే కెమెరా పరికరం రోగిని ముట్టుకోకుండానే నాడి, శ్వాస లెక్కగడుతుంది. అర్ధరాత్రి టార్చి వేసి నిద్ర చెడగొట్టే పని తప్పుతుంది. అది చిన్న మేలేమీ కాదు. కానీ సరిగా అడగకుండానే తమ పడకగదుల్లో కెమెరాలు పెట్టారని రోగులు ఆందోళనకు దిగారు. ఎవరో తనను చాటుగా చూస్తున్నారన్న భయమే జబ్బైన మనిషికి నిజంగానే కెమెరా పెడితే అది చికిత్స ఎలా అవుతుంది? చివరికి 2025లో ఇంగ్లండ్ ఆరోగ్య యంత్రాంగం ఇలాంటి పరికరాల వాడకంపై మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

మనం ఆ దెబ్బ తినేదాకా ఆగనక్కర్లేదు. రోగిని బంధిస్తే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. సిబ్బంది చాలరన్న సాకుతో రోగిని బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ తేల్చిచెప్పింది. కొరత పేరుతో పెట్టే కెమెరాకూ ఇదే నియమం వర్తించాలన్నది మా వాదన.

సాంకేతికత వద్దనడం లేదు. లిథియం వాడేవారికి రక్తపరీక్ష గడువు దాటితే ప్రమాదం. ఆ తేదీని కంప్యూటర్ గుర్తుచేయాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు 14416 నంబరులో తెలుగులోనే గోడు చెప్పుకోవచ్చు. డిశ్చార్జి అయిన రోగికి వార్డులో చూసిన సిస్టరే ఫోన్ చేసి, మందులు వేసుకుంటున్నారా, నిద్ర పడుతోందా అని అడిగే ఏర్పాటు దీనికి తోడు కావాలి. ఇక కంప్యూటర్‌లో ఎక్కించిందే మళ్లీ రిజిస్టరులో రాయించడం మానాలి. రాతకోతల్లో మిగిలిన గంట రోగి పక్కన కూర్చోవడానికే దక్కాలి.

ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలకు ఏ పరికరం కొనాలన్నా ముందు అక్కడ రాత్రి డ్యూటీ చేసే నర్సులను, చికిత్స పొంది వెళ్లినవారిని అడగండి. రోగి రాతపూర్వక అంగీకారం లేకుండా పడకగదిలో కెమెరా పెట్టకండి. ఖాళీగా ఉన్న ప్రతి నర్సు పోస్టునూ భర్తీ చేశాకే టెండరు పిలవండి.