గొట్టం మారిస్తే గుర్రాలు పెరుగుతాయా?

రాజమండ్రి నుంచి ఒక సోదరి వ్రాశారు: "మా అబ్బాయి రెండేళ్ళ జీతంలో మిగిల్చినదంతా పెట్టి పాత అబార్త్ పుంటో కారు కొన్నాడు. ఇప్పుడు దాని సైలెన్సరు తీయించి పెద్ద గొట్టం వేయిస్తానంటాడు. ఇంజనుకు ట్యూనింగు కూడా చేయిస్తాడట. వాళ్ళ నాన్నగారికి ఇది బొత్తిగా ఇష్టం లేదు. వారం రోజులుగా తండ్రీకొడుకులకు మాటలు లేవు. మీరేమంటారు?"

ఇద్దరి పక్షానా కొంత న్యాయం ఉందంటాను.

ఈ తగవుకు మూలపురుషుడు ఆ కారు పేరులోనే ఉన్నాడు. కార్లో అబార్త్ 1908లో వియన్నాలో పుట్టి, 1949లో ఇటలీలో కంపెనీ పెట్టాడు. రేసు కార్లతోపాటు మామూలు కార్లకు బిగించుకునే పొగగొట్టాలు కూడా ఆ కంపెనీకి పేరు తెచ్చాయి. 1957లో వచ్చిన బుల్లి ఫియట్ 500 బలం 13 గుర్రాలు. ఆ వంశపు బండినే మెరుగుచేసి 1963లో ఆయన అమ్మిన 595 బలం 27. ఇది గొట్టం ఒక్కదాని మహిమ అనుకునేరు! సిలిండర్లు వెడల్పు చేశాడు, కంప్రెషన్ పెంచాడు, పెద్ద కార్బురేటరు పెట్టాడు. లోపలికి పోయేది పెరిగింది గనుకనే బయటికి వచ్చేదానికి మంచి దారి కావలసివచ్చింది.

టర్బో లేని కారుకు వెనకనున్న డబ్బా ఒక్కటి మారిస్తే పెరిగేది ముఖ్యంగా చప్పుడే. గొట్టం మరీ లావైతే పొగ వేగం తగ్గి, నెమ్మదిగా పోయేటప్పుడు లాగుడు తగ్గినా తగ్గవచ్చు. మీ అబ్బాయి కారు సంగతి వేరు. దానికి టర్బో ఉంది. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. ఎంత కుక్కాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఆ 1.4 లీటర్ల ఇంజనే లినియా టీ-జెట్ పేరుతో వచ్చినప్పుడు బలం 114 గుర్రాలు. 2015లో అబార్త్ పుంటోలో 145. అంటే కంపెనీవారే ఒక దఫా పిండి ఇచ్చారన్నమాట.

ఇంకా పిండితే రాదా? వస్తుంది. కాని పెట్రోలు సహకరించాలి. ఎక్కువ ఆక్టేను పెట్రోలుకు సరిపోయేట్లు ట్యూను చేయించి, ఏ అర్ధరాత్రో దారిలో దొరికిన మామూలు పెట్రోలు పోయించారనుకోండి. మిశ్రమం అదను తప్పి మండి, లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. అలా సాగితే పిస్టన్లకే ముప్పు. ట్యూను చేసేవాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఏ పెట్రోలుకు? తరువాత, పని ముందూ వెనకా ఒకే యంత్రం మీద కొలిచి బలం చూపిస్తావా? అవసరమైతే పాత ట్యూను తిరిగి ఎక్కిస్తావా? నీళ్ళు నమిలితే అక్కడి నుంచి లేచి రమ్మనండి.

పొగలోని విషాన్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టరును మాత్రం ఎవరు చెప్పినా తీయించవద్దు. చప్పుడు, పొగ హద్దు మీరితే మొదటిసారికే పదివేల రూపాయలదాకా జరిమానా, లేదా మూడు నెలలదాకా జైలు, లేదా రెండూ; లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీవారు నిర్ణయించినదానికి భిన్నమయ్యేట్లు బండిని మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కనుక ఏ మార్పయినా ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగాలి, ఇన్సూరెన్సువారికి వ్రాతపూర్వకంగా తెలపాలి. ప్రమాదం జరిగిన తరువాత తెలిస్తే వారు డబ్బు చెల్లించకపోవచ్చు.

నన్నడిగితే, పాత కారు గనుక ముందు టైమింగ్ బెల్టు, క్లచ్, బ్రేకులు, టైర్లు చూపించమంటాను. బలం పెంచితే మొదట జారేది అరిగిన క్లచ్చే. ఈ ఖర్చుకు నాన్నగారు కూడా అడ్డు చెప్పరనుకుంటాను. వర్కుషాపుకు ఆయన్ను వెంట తీసుకుపొమ్మనండి. ఇంతా అయ్యాక, అనుమతి దొరికి గొట్టం మార్చడమే జరిగితే, పాత సైలెన్సరును అటకమీద భద్రంగా దాచండి. కారు అమ్మేనాడు కొనేవాడు దాన్నే అడుగుతాడు.