చెవులకూ ఒక పీరియడ్ ఇద్దాం



పేరెంట్స్ మీటింగ్ ఎప్పుడు జరిగినా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మావాడికి ఇంగ్లిష్‌లో తొంభై దాటి మార్కులొస్తున్నాయి. మరి మాట్లాడమంటే నోరు విప్పడేం?" ఆ వెంటనే చాలామంది గొంతు తగ్గించి ఇంకో మాట అంటారు. "మాకు ఇంగ్లిష్ అంతగా రాదు. ఇంట్లో నేర్పేవాళ్లు లేరు." ఈ రెండు మాటలకూ నా దగ్గరున్న జవాబు ఒకటే: రోజూ ఓ పావుగంట పిల్లలకు ఇంగ్లిష్ వినిపించండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఈ పని మీరు చేయగలరు.

తెలుగు మన పిల్లలకు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. దాదాపు ఏడాదిపాటు ఊరికే విన్నారు. అమ్మమ్మ లాలిపాట, నాన్న పిలుపు, పక్కింటివాళ్ల కబుర్లు... అన్నీ విన్నాకే "అత్త", "తాత" అన్నారు. రాయడం ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మనం ఈ వరుసను తిరగేశాం. ముందు రాయిస్తున్నాం, తర్వాత చదివిస్తున్నాం, ఆపైన మాట్లాడమంటున్నాం. వినిపించడం మాత్రం మరిచిపోయాం. క్లాసులో సిలబస్, నోట్స్, స్లిప్ టెస్టులు పోగా సహజంగా సాగే ఇంగ్లిష్ పిల్లల చెవిన పడేది కొద్ది నిమిషాలే. పాఠం చూస్తూ అయిదు ప్రశ్నలకూ చక్కగా జవాబు రాసే పిల్లలున్నారు. పుస్తకం మూయించి అలాంటి పేరానే చదివి వినిపిస్తే రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. మాట చెవికి అందకపోతే నోటికి ఎలా వస్తుంది?

"రోజూ ఇంగ్లిష్ కార్టూన్లు చూస్తూనే ఉన్నాడు కదా" అని మీరు అనొచ్చు. ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి అదే కార్టూన్ చూపించండి. కథ చాలావరకు అర్థమైపోతుంది. అక్కడ పనంతా బొమ్మే చేస్తోంది, చెవికి పనిలేదు. బొమ్మ లేని కథ అలా కాదు. అడవి ఎలా ఉందో, పాము ఎక్కడ దాక్కుందో మాటలను బట్టి పిల్లలే ఊహించుకోవాలి. పైగా ఫోన్ చేతికిస్తే ఒక వీడియో అయ్యేలోగా మరొకటి మొదలవుతుంది. మధ్యలో ప్రకటనలు, నోటిఫికేషన్లు సరేసరి. అందుకే తెర లేని పరికరం మేలని నా అభిప్రాయం.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. చిన్న ఎంపీ3 ప్లేయర్ చాలు. అదీ లేకపోతే పెన్‌డ్రైవ్ పెట్టుకునే స్పీకర్ గానీ, సిమ్ తీసేసి బీరువాలో పడేసిన పాత బటన్ ఫోన్ గానీ సరిపోతుంది. మాటల రికార్డింగ్ మామూలు నాణ్యతలో నిమిషానికి ఒక ఎంబీ తీసుకుంటుంది. 8 జీబీ మెమరీ కార్డులో దాదాపు 130 గంటల ఆడియో పడుతుంది. రోజుకు పావుగంట చొప్పున ఏడాది దాటినా తరగదు. కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి, తరగతికో ఫోల్డర్ పెట్టి కార్డులోకి కాపీ చేస్తే సరి. ఇది ఇంట్లో వినడానికే. స్కూల్ బ్యాగులో మాత్రం పెట్టకండి.

మరి ఏం వినిపించాలి? మంచి ఆడియో ఉచితంగానే దొరుకుతుంది.

మొదట చెప్పాల్సింది లిబ్రివాక్స్ గురించి. కాపీరైట్ గడువు తీరిన పుస్తకాలను స్వచ్ఛంద పాఠకులు చదివి రికార్డు చేసే వేదిక ఇది. 2005 నుంచి నడుస్తోంది. రుసుము లేదు, పేరు నమోదు చేసుకునే పనీ లేదు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఎంపీ3 ఫైలుగా దొరుకుతుంది. మూడు నుంచి అయిదో తరగతి పిల్లలకు ఈసప్ కథలతో మొదలుపెట్టండి. చాలా కథలు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి, పైగా వాటిలో కొన్ని పిల్లలకు తెలుగులో ముందే తెలుసు. తెలిసిన కథను కొత్త భాషలో వింటే భయం పోతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతివాళ్లకు రుడ్యార్డ్ కిప్లింగ్ 1894లో వెలువరించిన 'జంగిల్ బుక్' బాగుంటుంది. అందులో మోగ్లీతోపాటు, నాగుపాములతో తలపడిన ముంగిస కథ కూడా ఉంది. అది కాస్త పెద్దది, మూడు నాలుగు రోజులకు పంచుకోండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇవి పాత పుస్తకాలు కాబట్టి భాష కూడా కొంత పాతది. చదివేవాళ్లు రకరకాల దేశాలవాళ్లు, కాబట్టి ఉచ్చారణ కూడా రకరకాలుగా ఉంటుంది. ముందుగా మీరో రెండు నిమిషాలు విని, స్పష్టంగా ఉన్న రికార్డింగే ఎంచుకోండి. యాస తేడాల గురించి మాత్రం కంగారు పడొద్దు. ఇంగ్లిష్‌ను ఎన్నో యాసల్లో మాట్లాడతారని తెలిసిన పిల్లలు తమ యాసకు సిగ్గుపడరు.

ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్' అనే కార్యక్రమం ఉంది. ఇద్దరు కూర్చుని ఒక విషయం మీద మాట్లాడుకుంటారు, మధ్యలో కొత్త పదాలు వివరిస్తారు. ఆ సంభాషణ మొత్తం రాతలో కూడా దొరుకుతుంది. ముందు రాత చూడకుండా వినమనండి. రెండోసారి రాత చూస్తూ వినమనండి. కొత్తగా వచ్చిన పుస్తకాల ఆడియో ఊరికే ఇస్తామనే సైట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. రచయితల శ్రమను దొంగిలించడం ఒక తప్పు, కంప్యూటర్‌లోకి వైరస్ రావడం ఇంకో తలనొప్పి.

ఇప్పుడు మీ వంతు. కథ అయిపోయాక ఫోన్ పక్కన పెట్టి, "ఏం జరిగింది రా కథలో? నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. మీకు ఇంగ్లిష్ రాకపోతే ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు పిల్లలు నిజంగానే మీకు తెలియని సంగతి చెబుతున్నారు. అడిగేది పరీక్ష కోసం కాదని వాళ్లకూ తెలుస్తుంది. ఒక భాషలో విన్నది మరో భాషలో చెప్పాలంటే అర్థం కాకుండా చెప్పలేరు. సగమే అర్థమైతే సగమే చెబుతారు, చెప్పనివ్వండి. "అంతేనా?" అనకండి. మర్నాడు అదే కథ మళ్లీ పెట్టండి, మిగతా సగం వాళ్లే పట్టుకుంటారు.

తెలుగును కూడా ఇందులో చేర్చమని నా మనవి. మన పెద్దవాళ్లకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు గుర్తుండే ఉంటారు. ఆకాశవాణిలో వాళ్ల పిల్లల కార్యక్రమాలు వింటూ ఒక తరం పెరిగింది. ఆ పని ఈ రోజు ఇంట్లోనే చేయొచ్చు. తాతయ్యో నాయనమ్మో కథ చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేసి అదే కార్డులోకి ఎక్కించండి. పాత ప్లేయర్లు కొన్ని ఎంపీ3 తప్ప వేరే రకం ఫైళ్లు పాడవు, అలాంటప్పుడు ఫైలును ఎంపీ3లోకి మార్చుకోవాలి. ఊళ్లో ఉండే తాతయ్య గొంతు ఇక్కడ రోజూ వినబడటం కంటే మంచి పాఠం నాకు తెలియదు.

వీలైనంతవరకు స్పీకర్‌లోనే వినిపించండి. ఇయర్‌ఫోన్స్ తప్పకపోతే శబ్దం సగం దాటనివ్వకండి, పక్కనుంచి మీరు పిలిస్తే పిల్లలకు వినబడాలి. రాత్రి భోజనాలయ్యాకో, ఉదయం జడలు వేసేటప్పుడో ఒక సమయం పెట్టుకోండి.

చివరిగా ఒక్క మాట. దీనికి వర్క్‌షీట్ ఇవ్వమని, మార్కులు వేయమని దయచేసి మమ్మల్ని అడగకండి. మన పిల్లల రోజులో మార్కులు లేని పావుగంట ఒక్కటైనా ఉండాలి. వచ్చే మీటింగ్‌కి మీరు వచ్చినప్పుడు ర్యాంకు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీవాడు మీకు చెప్పిన కథేమిటో ముందు నాకు చెప్పండి.

— హైస్కూల్ ఇంగ్లిష్ టీచర్