పరీక్ష తల్లికి, మరి వైద్యం?

ముత్తుకూరులో సంఘం సమావేశం ముగిశాక ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచి ఓ కాగితం చూపించింది. ఆరో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్-బి ఉందని తేలిందట. అప్పట్నుంచీ అత్తగారింట్లో ఆమెకు కంచం వేరు, గ్లాసు వేరు. "నా వల్ల బిడ్డకు క్యాన్సర్ వస్తాదంట గదక్కా?" అంది. మీ ఆయనకు పరీక్ష చేశారా అంటే, ఆ ఊసే ఎవరూ ఎత్తలేదంది.

ఆమె విన్నదాంట్లో కొంత నిజముంది. ఈ వైరస్ ఏ బాధా తెలియనివ్వకుండా కాలేయంలో ఏళ్ళ తరబడి ఉండి, కాలేయ క్యాన్సర్‌కు దారితీయగలదు. (జీర్ణాశయ క్యాన్సర్లలో సుమారు పదింట ఒకదానిలో ఎప్‌స్టీన్-బార్ అనే మరో వైరస్ కనిపిస్తుంది. దాని పాత్ర ఎంతో ఇంకా తేల్చుకుంటున్నారు. కాలేయం విషయంలో ఆ సందేహం లేదు.) పెద్దయ్యాక సోకితే చాలామందిలో తగ్గిపోతుంది. పుట్టుకలో సోకితే నూటికి తొంభైమందిలో ఉండిపోతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు టీకా వెయ్యాలి. తల్లికి వైరస్ ఉంటే బిడ్డకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. ఒకే కంచంలో తింటే ఇది రాదు. రక్తం వల్ల, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం వల్ల, లైంగిక సంబంధం వల్ల వస్తుంది.

ఈ టీకాను మన దేశంలో మొదటిసారి తయారుచేసి 1997లో చవకగా అందించింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. దాన్ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డిది ఈ నెల్లూరు జిల్లాయే. కంపెనీకి పెట్టింది వాళ్ళమ్మ శాంతమ్మ పేరు. అయినా ప్రభుత్వ టీకాల కార్యక్రమం ద్వారా అది దేశమంతటా పిల్లలకు చేరడానికి 2011 దాటింది.

కార్యక్రమ పత్రాలన్నిటా 'తల్లి నుంచి బిడ్డకు' అన్న మాటే. తల్లికి ఎవరి నుంచి వచ్చిందో అడిగే గడి నాకెక్కడా కనిపించలేదు. అంతకన్నా బాధ కలిగించేది మరొకటుంది. ఆ కాలేయం ఆమెది, క్యాన్సర్ ముప్పు ఆమెకూ ఉంది. బిడ్డను కాపాడటానికి చేసిన పరీక్ష కాన్పుతో ముగిసిపోతే, ఆమెకు మిగిలేది వేరు కంచమే. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. కానీ ఆ సంగతి ఆమెకు చెప్పిన వాళ్ళు లేరు.

మన కార్యకర్తలు గర్భిణులతో మాట్లాడేటప్పుడు ఫలితం గుట్టుగా చెప్పారా, భర్తకు పరీక్ష జరిగిందా, కాన్పు తర్వాత ఆమెను ఎక్కడికి రమ్మన్నారు అని తప్పక అడగాలి. ఆదివారం పుట్టిన బిడ్డకు టీకా వేసేదెవరో కూడా ముందే తెలుసుకోవాలి.

మర్నాడు ఆ అమ్మాయితో కలిసి ఏ.ఎన్.ఎం. దగ్గరకు వెళ్ళాం. కాన్పు ఎక్కడో, టీకా ఎవరు వేస్తారో రాయించుకుని వచ్చాం. భర్త ఇంకా పరీక్షకు రాలేదు.