వివరించే పని ఎవరిది?

సుగ్గి కాలం వస్తే ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల్లో ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. మిర్చి కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాల వెంట పదిహేను, పదహారేళ్ల పిల్లలూ కదులుతారు. వారిలో మాదిగ, మాల, బోయ, కురువ పిల్లలే ఎక్కువ. యుక్తవయసులో పిల్లలు పని చేయవచ్చునా అన్న చర్చ ఇక్కడ ఎప్పుడో కాలదోషం పట్టింది. ఏ పని ఏ కులం పిల్లలకు దక్కుతోందన్నదే అసలు ప్రశ్న.

నేను తొమ్మిదో తరగతిలో వైజ్ఞానిక ప్రదర్శనకు నీటి చక్రం నమూనా తయారుచేశాను. అతిథులు వచ్చే వేళకు దానిని వివరించే బాధ్యతను మరో పిల్లవాడికి అప్పగించారు. అతని ఉచ్చారణ శుద్ధంగా ఉంటుందన్నారు. మాదిగవాడ నుంచి వచ్చిన నేను బల్ల వెనుక నిలబడి చక్రం మీద నీళ్లు పోశాను. చేసే చేతిని, చెప్పే నోటిని వేరుచేయడమే కులం పని అని చాలా ఏళ్లకు అర్థమైంది.

ఈ విభజనను మార్చడం సాధ్యమే. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఎక్స్‌ప్లోరటోరియం’ అనే సైన్స్ మ్యూజియాన్ని నెలకొల్పారు. సందర్శకులకు ప్రయోగాలను వివరించడానికి హైస్కూలు విద్యార్థులను జీతమిచ్చి నియమించారు. సైన్స్ మార్కుల కంటే భిన్న సామాజిక నేపథ్యాలకే ఎంపికలో ప్రాధాన్యమిచ్చారు. ఆ పని వారిలో ఆత్మవిశ్వాసాన్ని, నేర్చుకోవాలన్న ఆసక్తిని పెంచిందని 1987లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మన రాష్ట్రంలోనే కుప్పంలో అగస్త్య ఫౌండేషన్ తీర్చిదిద్దిన ‘యంగ్ ఇన్‌స్ట్రక్టర్ లీడర్లు’ తోటి పిల్లలకు ప్రయోగాలు చేసి చూపుతున్నారు. పల్లె పిల్లలకు చెప్పడం రాదన్న వాదన ఇక నిలవదు.

తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచి ఉంది. కాని ఆదోని పిల్లలకు అది విహారయాత్ర దూరం. అటువంటి చిన్న కేంద్రం ఈ పట్టణాలకూ కావాలి. అందులో చూపడానికి ఇక్కడి శ్రమలోనే ఎంతో శాస్త్రముంది. సంకర పత్తి విత్తనం కోసం సాయంత్రం మొగ్గలోని కేసరాలను తొలగించి, మర్నాడు ఉదయం వేరే మొక్క పుప్పొడిని అద్దుతారు. ‘క్రాసింగ్’ అనే ఈ పని ఉమ్మడి కర్నూలు జిల్లా చేలల్లో ఎక్కువగా ఆడపిల్లల వేళ్లతోనే సాగింది. వారు చేసింది వృక్షశాస్త్రం. వారికి దక్కింది కూలి మాత్రమే. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం యాంత్రికశాస్త్ర పాఠమే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. నేతగాని బిడ్డ మగ్గం గురించే, కూలి బిడ్డ పత్తి గురించే చెప్పాలంటే అది కులవృత్తికి కొత్త చొక్కా తొడగడమే అవుతుంది. టెలిస్కోపు ముందు కూడా ఆ పిల్లలే నిలబడాలి.

ఇది బాలకార్మికతకు దొడ్డిదారి కాదా అని కొందరు అడగవచ్చు. 2016లో సవరించిన 1986 నాటి చట్టం 14 ఏళ్ల లోపు పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధించింది. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకర పనుల్లో పెట్టరాదన్నది. పనిచేసే చోట వారి పని ఆరు గంటలు మించరాదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని కూడదు. సెలవు రోజుల్లో మ్యూజియంలో కొన్ని గంటల పని ఈ హద్దుల్లోనే ఉంటుంది. బడి మానకూడదన్న షరతు కూడా పెట్టాలి.

ఆ పనికి జీతం మాత్రం తప్పనిసరి. ‘స్వచ్ఛంద సేవ’ అంటే కూలి వదులుకోగల ఇళ్ల పిల్లలే వస్తారు. ‘మంచి ఇంగ్లీషు’ అర్హత అయితే పాత వడపోతే మళ్లీ జరుగుతుంది. వలస కుటుంబాల, సీజనల్ హాస్టళ్ల పిల్లలకు మొదటి అవకాశమివ్వాలి. వారు ఆదోని యాసలోనే చెప్పనివ్వాలి. విజ్ఞాన కేంద్రం కోరేటప్పుడు దాని భవనంతో పాటు, అందులో నిలబడి మాట్లాడే పిల్లల నియామక నిబంధనలనూ విద్యార్థి సంఘాలు అడగాలి.