మళ్ళీ ఎప్పుడొస్తావు బాబూ?

ఈ ఏడాది మొదటి సంచికలో మా ఊరి దంతవైద్య శిబిరం ఫోటో చూసి చాలామంది ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ ఫోటోలో పడని సంగతి ఒకటుంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఓ చిన్న పల్లెటూరు. పంటి డాక్టరు కావాలంటే రెండు బస్సులు మారాలి. అందుకే సంక్రాంతికి వెళ్ళినప్పుడు మిత్రులం కొందరం చందాలు వేసుకుని, విశాఖ నుంచి ఇద్దరు డాక్టర్లను పిలిపించి, బడిలో ఒకరోజు శిబిరం పెట్టాం. పెద్ద బ్యానరు కట్టాం. డాక్టర్లు పుచ్చిపోయిన పళ్ళు తీశారు, మాత్రలిచ్చారు. మేము పిల్లలకు బ్రష్షులూ పేస్టులూ పంచాం.

మధ్యాహ్నం మా వీధి పెద్దమ్మ పంటి నొప్పితో వచ్చింది. డాక్టరమ్మ పన్ను తీశాక టార్చి వేసి అంగిలి కూడా చూసింది. తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రమచ్చ. "అడ్డపొగ తాగుతావా అమ్మా?" అని అడిగింది.

ఇక్కడి పిల్లలకు తెలియదు కదా, చెప్తాను. మా వైపు కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. దాన్నే అడ్డపొగ అంటారు. "గాలికి ఆరిపోదు, పన్లో బూడిద రాలదు" అంది పెద్దమ్మ నవ్వుతూ. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగిలి, క్యాన్సరుకి దారి తీయవచ్చు. డాక్టరమ్మ విశాఖ వెళ్ళి ముక్క పరీక్ష చేయించుకోమని చీటీ రాసిచ్చింది.

సాయంత్రం బ్యానరు విప్పుతుంటే పెద్దమ్మ వచ్చి, "మల్లెప్పుడొత్తావు బాబూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మార్చిలో ఫోన్ చేస్తే చీటీ ఇంకా కొంగు ముడిలోనే ఉంది. "తోడెవులొత్తారు బాబూ, కూలి పోదా?" అంది. ఊరి ఆశా కార్యకర్తను బతిమాలి ఇద్దరికీ ఛార్జీలు పంపితే వెళ్ళొచ్చారు. అదృష్టం, క్యాన్సరు కాదు. కానీ చుట్ట మానాలి, ఆరునెలలకోసారి చూపించుకోవాలి. ఆ ప్రయాణం ఖర్చు మా బ్యానరు ఖర్చుకంటే తక్కువ!

తర్వాత కొంత చదివాను. మా జిల్లాతో సహా మన దేశంలో మూడు ప్రాంతాల్లో, పొగాకు అలవాటున్న 36 వేలమందికి పైగా నోళ్ళను ఏటేటా పరీక్షించి, మానమని నచ్చజెప్పిన ఒక అధ్యయనం ఫలితాలు 1986లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. మళ్ళీ మళ్ళీ చెప్పినచోట మానేసినవాళ్ళు పెరిగారు, నోట్లో తెల్లమచ్చలు తగ్గాయి.

మనముండే ఈ అమెరికాలోనూ ఇదే పాఠం. అలాస్కాలో రోడ్డు లేని పల్లెలకు ఎక్కువగా చిన్న విమానాల్లోనే వెళ్ళాలి. ఎప్పుడో వచ్చే డాక్టరుకోసం ఎదురుచూడలేక, అక్కడి ఆదివాసీ ఆరోగ్య సంస్థ 2003లో స్థానిక యువతనే న్యూజిలాండ్ పంపి, పుచ్చు పళ్ళు నింపడం, పళ్ళు తీయడం నేర్పించింది. దంతవైద్యుల సంఘాలు కోర్టుకెక్కినా పని ఆగలేదు. 2009లో మిన్నెసోటా రాష్ట్రమూ ఇటువంటి దంత చికిత్సకులకు చట్టం చేసింది.

మన ఊళ్ళో అంత చేయలేం. అందుకే ఈసారి కొత్త ఊరికి వెళ్ళడం మానేసి, ఆ ఊరికే మళ్ళీ వెళ్తున్నాం. బ్యానరు లేదు. ఆ డబ్బుతో ఊరి అమ్మాయి ఒకామెకు నెలనెలా కొంత ఇచ్చి, ఎవరికి ఏం చెప్పారో పుస్తకంలో రాసిపెట్టి, అవసరమైనవాళ్ళను ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్ళే పని అప్పజెప్పాం. వైద్యం డాక్టర్లదే, తోడు ఆమెది.

పిల్లలూ, మీకూ ఓ పని. ఈసారి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, "నోరు తెరువు, చూస్తా" అనండి. రెండు వారాలైనా మానని పుండుగానీ, తెల్లమచ్చగానీ, ఎర్రమచ్చగానీ కనిపిస్తే అమ్మానాన్నలకు చెప్పండి.

మొన్న టికెట్లు కొని పెద్దమ్మకు ఫోన్ చేశాను. "కనుమ మర్నాడు బడి దగ్గరికి రా" అన్నాను. చుట్ట సంగతి అడిగితే, "రోజుకొకటే బాబూ" అంది. ఆ ఒక్కదాని గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.