ఒక్క పూటకి ఏం కాదు లెండి!

శనివారం రాత్రికి స్నేహితులు భోజనానికి వస్తున్నారంటే గురువారం నుంచే మనకి నిద్ర పట్టదు. ఏం వండాలి? పోయినసారి వాళ్ళింట్లో ఏం పెట్టారు? వాళ్ళు ఆరు రకాలు చేస్తే మనం ఎనిమిదైనా చెయ్యకపోతే బావుంటుందా? పప్పు పెడితే రోజూ తినేదేగా అనుకుంటారేమో. పులావు చేస్తే పెరుగుపచ్చడి ఉండాలి, పెరుగుపచ్చడి చేస్తే పక్కన వేపుడు లేకపోతే వెలితి. ఇలా ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వస్తుంది. చివరికి కాగితం మీద పదకొండు రకాలు తేలతాయి. వచ్చేవాళ్ళు ఏం తినగలరన్న మాట మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఇది చెప్పడానికి నాకేం అర్హత ఉందంటారా? ఆ పదకొండు రకాలూ చేసి, కొసరి కొసరి వడ్డించి, ఒక మనిషికి చెరుపు చేసినదాన్ని నేనే.

మేం విజయనగరంలో ఉంటాం. కాలేజీలో నాతో చదువుకున్నవాళ్ళలో ఒకామె శ్రీకాకుళంలో ఉంటుంది. ఇంకొకామెను సోంపేట దగ్గర ఉద్దానం పల్లెకి ఇచ్చారు. పిల్లలు చేతికి అందొచ్చాక ముగ్గురం మళ్ళీ కలుసుకోవడం మొదలుపెట్టాం. మూడు నాలుగు నెలలకోసారి ఎవరో ఒకరింట్లో శనివారం రాత్రి భోజనం, ఆదివారం పొద్దున్న టిఫిను, ఆనక ఎవరి రైలు వాళ్ళది. మొగుళ్ళు కూడా వస్తారు. వాళ్ళకి రాజకీయాలు, మాకు కబుర్లు.

ఆ సారి మా వంతు. స్టేషను నుంచి ఇంటికి రాగానే కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చాను. “ఉద్దానం వాళ్ళకి కొబ్బరినీళ్ళా!” అని మావారు నవ్వారు కూడా. తర్వాత టమాటా సూపు. భోజనంలోకి పులావు, కోడి కూర, పనీరు కూర, బంగాళాదుంప వేపుడు, పప్పుచారు, పెరుగుపచ్చడి, ఆవకాయ, అప్పడాలు, గుమ్మడి వడియాలు, పాయసం. మా స్నేహితురాలి భర్త, నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను, ప్రతిదానికీ చెయ్యి అడ్డం పెట్టారు. “చాలమ్మా, చాలు” అంటూనే ఉన్నారు. నేను ఊరుకుంటానా? “ఒక్క పూటకి ఏం కాదు లెండి అన్నయ్యగారూ” అని చెయ్యి పక్కకి జరిపి మరీ వేశాను. మొహమాటస్తుడు. వేసినవన్నీ తిన్నారు.

స్నేహితురాలు నా వంక అదోలా చూసింది. ఆ చూపుని నేను పట్టించుకోలేదు. అసలు ఎక్కడ కుదురుగా ఉన్నాను గనక! ఒక కాలు పొయ్యి దగ్గర, ఒక కాలు బల్ల దగ్గర. అప్పడం మాడుతోంది, పాయసం అడుగంటుతోంది. మధ్యలో రెండుసార్లు ఆమె వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. “ఏటే, ఏటైనా కావాలా?” అన్నాను, వెనక్కి తిరక్కుండానే. “ఏటీ లేదు, నువ్వు కానీ” అని వెళ్ళిపోయింది. పొద్దున్నే వాళ్ళ బండికి టైమైపోయింది. అంత దూరం నుంచి వచ్చిన స్నేహితురాలితో ఆ రోజు నేను మాట్లాడింది మొత్తం కలిపితే పది నిమిషాలుండదు.

నాలుగు నెలల తర్వాత ఫోన్లో చెప్పింది. అన్నయ్యగారికి క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీల జబ్బు. మా ఇంటికొచ్చేనాటికే తెలుసు. ఉప్పు తగ్గించమన్నారు, పచ్చళ్ళు, అప్పడాలు మానెయ్యమన్నారు. పొటాషియం ఎక్కువుందని కొబ్బరినీళ్ళు, టమాటా, బంగాళాదుంప కూడా వద్దన్నారట. నేను ఏరి కోరి అవే పెట్టాను! మర్నాటికి పాదాలు పొంగాయట. నీ భోజనం వల్లే అని ఆమె అనలేదు. అనకపోయినా నాకు తెలియదూ?

“ముందే చెప్పొచ్చు కదే!” అని అరిచాను. “చెప్దామనే వంటింట్లోకొచ్చాను. అందరిలోనూ ఎలాగ సెప్పనే? పిల్లకి సంబంధాలు చూస్తున్నాం” అంది.

ఉద్దానం సంగతి తెలిసినవాళ్ళకి ఈ మాట అర్థమవుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. సముద్రం పక్కన కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. పలాస జీడిపప్పు పేరు వినని ఇల్లుందా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలకూల్చింది. కాయో కాసో చేతికొచ్చే చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. అంతకుముందు ఎన్నో ఏళ్ళ నుంచే అక్కడ కిడ్నీల జబ్బు ఇల్లిల్లూ తడుముతోంది. నీళ్ళన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగుమందులన్నారు. ఎందరో వచ్చి పరీక్షలు చేశారు గానీ కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్కటి తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఆసుపత్రి వచ్చింది గానీ జబ్బు పేరు పైకి చెప్పుకునే ధైర్యం ఇంకా రాలేదు. ఆ ఊరి పిల్లా, ఆ ఇంటి పిల్లా అని సంబంధాలవాళ్ళు వెనక్కి తగ్గుతారని భయం. అందుకే నలుగురిలో కూర్చున్నప్పుడు వేసింది వేసినట్టు తినేస్తారు. జబ్బు కన్నా మాట పడటమే కష్టం మరి.

ఉద్దానం దాకా ఎందుకు? సుగరో, బీపీయో లేని ఇల్లు మన వీధిలో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. వాళ్ళందరూ భోజనానికి పిలిస్తే వస్తారు. వాళ్ళందరితోనూ మనం అనే మాట ఒక్కటే, ఒక్క పూటకి ఏం కాదని. కానీ ఆ మాట అనేది మనమొక్కరమే కాదు కదండీ! ఈ శనివారం మనింట్లో ఒక పూట, బుధవారం పెళ్ళిలో ఒక పూట, పైవారం గృహప్రవేశంలో ఇంకో పూట. తినేవాడికి అన్నీ కలిపి ఒకే ఒళ్ళు.

మా అమ్మ కాలంలో కొసరి వడ్డించడానికి ఒక అర్థముండేది. ఎవరింట్లో గిన్నె ఎంత ఖాళీయో ఎవరికి తెలుసు? అడిగి పెట్టించుకోడానికి సిగ్గుపడే మనిషి కడుపు నిండాలంటే వద్దన్నా వెయ్యాల్సిందే. మా విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవానికి, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, ఎక్కడెక్కడి చుట్టాలో దిగుతారు. ఆ రోజు ఎవరు ఏం తింటారని అడిగే వీలుండదు. పెద్ద గిన్నెలు ఎక్కించడమే. పండగ వంట అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ పట్టుమని నలుగురు వచ్చే శనివారం భోజనానికి కూడా మనం సిరిమాను వంటే చేస్తున్నాం. అక్కడే వచ్చింది చిక్కు.

అడగాలి. నా అభిప్రాయం అంతే. అయితే అడగడంలోనూ కిటుకుంది. “ఏం వండమంటారు?” అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. “ఏదైనా పర్వాలేదండీ, మీ ఇష్టం” అంటారు. దానితో మనం మళ్ళీ పదకొండు రకాల కాగితం దగ్గరికే వస్తాం. “ఈమధ్య ఏం మానేశారు?” అని అడిగి చూడండి. టకటకా చెప్తారు. అది కూడా ఇంటి ఆడవాళ్ళని విడిగా, రెండ్రోజుల ముందు ఫోన్లో అడగాలి. వడ్డించేటప్పుడు పదిమందిలో అడిగితే ఏం మానేశాడో చెప్పలేక అన్నీ తింటాడు పాపం.

కిందటి చలికాలంలో మళ్ళీ మా వంతు వచ్చింది. అప్పటికి అన్నయ్యగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ పిల్ల పెళ్ళి కూడా అయిపోయింది, దాపరికం అవసరం తీరిపోయింది. ఈసారి ఫోన్లో గంటసేపు మాట్లాడాను. నాకు తెలియనివి ఎన్ని ఉన్నాయో! డయాలసిస్ కి ముందు మాంసకృత్తులు తగ్గించమన్న డాక్టరే, మొదలయ్యాక బాగా తినమన్నారట. గుడ్డు తెల్లసొన మంచిదన్నారట. నీళ్ళు, మజ్జిగ, చారు అన్నీ కొలత ప్రకారమే. కూరముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం కొంత తగ్గుతుందట. ఎవరి రక్తపరీక్ష లెక్క వాళ్ళది కనక ఒకరి పథ్యం ఇంకొకరికి పనికిరాదని కూడా చెప్పింది.

నా తెలివి కూడా చెప్పాలి. చోడి అంబలి చేస్తానన్నాను గర్వంగా. చిరుధాన్యాల మోజు కదా, 2023ని ఐక్యరాజ్యసమితే చిరుధాన్యాల సంవత్సరం చేసింది. మా విజయనగరం వ్యవసాయ పరిశోధనా కేంద్రం చోడి రకాలకి వేగావతి, గోస్తని అని మన నదుల పేర్లు పెట్టింది. వినడానికే ఎంత బావుంటాయో! “చోళ్ళు మంచివే గానీ ఆయనకి వద్దే. ఫాస్ఫరస్, పొటాషియం రెండూ ఎక్కువట. తెల్లన్నమే నయమన్నారు” అంది. సరే, ఉప్పు తక్కువుండేలా చూస్తానని బజార్లో ‘తక్కువ సోడియం’ ఉప్పు పేకెట్టు కొన్నానని చెప్పాను. ఆమె కంగారుపడిపోయింది. అందులో సోడియం తగ్గించి ఆ బదులు పొటాషియం కలుపుతారట! కిడ్నీల జబ్బున్నవాళ్ళకి అది మామూలు ఉప్పు కన్నా ప్రమాదం. మంచి చేద్దామని కొన్న పేకెట్టు. అడక్కుండా వాడి ఉంటే? ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ.

చివరికి ఏం వండానంటారా? తెల్లన్నం, రైతుబజారు నుంచి తెచ్చిన లేత బీరకాయల కూర, ఆనపకాయ ఆవపెట్టిన కూర, తెల్లసొనతో ఉల్లిపాయల పొరటు, నాటుకోడి ఇగురు. అంతే. ఆనపకాయ పొద్దున్నే ఉడికించి పెట్టాను, కోడి సాయంత్రం ఐదుకల్లా దించేశాను. వాళ్ళొచ్చాక చెయ్యాల్సింది అన్నం, పొరటు. అన్నిటిలోనూ ఉప్పు చాలా తక్కువ. బల్ల మీద ఒక చిన్న గిన్నెలో ఉప్పు, ఒక జాడీలో ఆవకాయ పెట్టాను. కావాల్సినవాళ్ళు వేసుకున్నారు. మంచినీళ్ళకి అందరికీ చిన్న గ్లాసులే పెట్టాను, ఆయన గ్లాసు ఒక్కటీ చిన్నగా కనపడకుండా. మెత్తళ్ళు మాత్రం వండలేదు. వేగుతుంటే ఆ వాసనకి ఎవరు ఆగగలరండీ? పథ్యం మనిషి ఎదురుగా అది ధర్మం కాదు.

ఆయనకి వేరే గిన్నెలో వేరే వంట చేద్దామా అని ముందు నాకూ అనిపించింది. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. “పథ్యం కూడు ఒక్కడి కంచంలో ఎట్టీకు. ఆడు తినేదే అందరికీ ఎట్టు. కావలిస్తే మనం కలుపుకుందుం” అన్నారు. ఎనభై దాటిన మనిషి, ఏ పుస్తకంలోనూ చదివింది కాదు.

మావారు మొహం చిట్లించారు. ఇన్నాళ్ళకొస్తే నాలుగు కూరలేనా అని. కోడి ఇగురులో ఉప్పు కలుపుకుని రెండుసార్లు వడ్డించుకున్నది కూడా ఆయనే. అంట్లు మొగాళ్ళు తీశారు, నేను చెప్పలేదు. శ్రీకాకుళం స్నేహితురాలు వాళ్ళాయన వంక చూసిందంతే.

అన్నయ్యగారు ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు. పొరటు అడిగి మరీ వేయించుకున్నారు. చివర్లో ఆవకాయ జాడీ వైపు చూస్తుంటే భార్య ఒక్క మెతుక్కి అంటేటంత తీసి కంచం అంచున రాసింది. దాన్ని నాలిక మీద పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నారో!

ఆ రాత్రి మేం ముగ్గురం పడుకునేసరికి రెండున్నర. డయాలసిస్ కుర్చీ పక్కన నాలుగేసి గంటలు ఎలా కూర్చుంటుందో, సూది గుచ్చేటప్పుడు తనెందుకు మొహం తిప్పుకోదో, తిత్లీ తర్వాత వేసిన కొబ్బరిమొక్కలు ఎంత ఎదిగాయో, అన్నీ చెప్పింది. రెండేళ్ళ కిందట వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పబోయినవే కాబోలు.

వచ్చే నెల శ్రీకాకుళం వాళ్ళ వంతు. మొన్న ఫోన్ చేసింది. “ఒసే, మీ ఆయన ఈమధ్య ఏం మానేశారే?” అని అడిగింది. పక్కనే పేపరు చదువుతున్న మావారికి పోయిన నెలే సుగర్ బయటపడింది. ఆ మాట విని, పేపరు దించకుండానే, “ఒక్క పూటకి ఏం కాదని చెప్పు” అన్నారు.

ఫోను ఆయన చేతికే ఇచ్చేశాను.